పోదు

కింది వాటా ఆవిడ అందట: ముసలామెకి రక్తం కడిగే మిషను పెడితే బతుకుతుందని డాక్టర్లే చెబుతుంటే, కోడలు మాత్రం మూతి బిగించుకుని కూచుందట, ఔననదట, కాదనదట, రెండేళ్ళుగా ఎత్తిపోసిన చేతులు కదా, విసిగిపోయి ఇదే సందనుకుని ఉంటుంది అని. అన్నది మేడ మీద బట్టలు ఆరేస్తూ పక్క మేడ ఆవిడతో. విన్నది ఇస్త్రీ అతను. నాకు చేరవేసిందీ అతనే, ఇవాళ పొద్దున్న ఆసుపత్రికి పట్టుకెళ్ళే దుప్పట్ల కోసం ఆగితే, మడత మీద మడత వేస్తూ, "నేను చెప్పానని అనకమ్మా, నాకెందుకొచ్చిన గొడవ" అంటూ అంతా చెప్పాడు. దుప్పట్లు వెచ్చగా ఉన్నాయి. వాటిని గుండెకి ఆనించుకుని బస్సెక్కాను. ఆ మాట ఎక్కడో గుచ్చుకుని ఉండాలి కదా అని దారి పొడుగునా వెతుక్కున్నాను, ఒళ్ళోంచి జారిన సూది కోసం తడుముకున్నట్టు. దొరకలేదు. అత్త చచ్చిన ఆర్నెల్లకి కోడలి కంట నీళ్ళొచ్చాయని సామెత. ఆ సామెత కట్టినవాడు నవ్వించడానికే కట్టి ఉంటాడు గానీ, ఆర్నెల్లు పట్టడంలో అబద్ధమేమీ లేదేమో. అత్తయ్య ఇంకా చావలేదు కూడా. ఈ తలుపు అవతల, ఆరో నంబరు మంచం మీద, కాస్త తెలివితో, కాస్త మగతతో ఉంది.

గోడ మీద గడియారం మూడు చూపిస్తోంది. నాలుగింటికి కిడ్నీ డాక్టరమ్మ వస్తుంది. ఆవిడ వచ్చేలోగా నేను ఒక మాట చెప్పాలో మింగాలో తేల్చుకోవాలి. తేల్చుకోవడానికి కూచున్నాను గానీ, కూచుని చూస్తున్నది మాత్రం ఎదురు గోడకి వేసిన రెండు రంగుల్ని. కింద ఆకుపచ్చ, పైన తెలుపు. రెండూ కలిసే చోట గీత తిన్నగా లేదు, మూడో కిటికీ దగ్గర వేలెడు పైకి పాకి మళ్ళీ దిగింది. కుట్టు అలా పాకితే అత్తయ్య ఒప్పుకునేది కాదు. ఎడమ కాలు తిమ్మిరెక్కింది. లేచి విదిలిస్తే పోతుంది. లేవబుద్ధి కాలేదు. కాలు నాది కాదన్నట్టుంది, ఎవరో తమ కాలు నా దగ్గర పెట్టి, చూస్తూ ఉండమని చెప్పి బయటికి వెళ్ళినట్టు.

డాక్టరమ్మ సెలవు నుంచి ఇవాళే తిరిగొచ్చింది. పొద్దున్న కాగితాలు తిరగేస్తూ ఒక చోట ఆగింది. "ఈ సంతకం ఎవరిది?" అంది. నాదేనండీ, కొడుకుని, అన్నాడు మా ఆయన. "పేషెంటు తెలివిలో ఉండగా మీ సంతకం ఎందుకు?" అంది. ఆయన నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆపుకున్నాడు. అప్పుడు చెప్పిందావిడ, గొంతు పెంచకుండా, ఇలాంటివి ఎన్నోసార్లు చెప్పి అరిగిన గొంతుతో. మనిషికి తెలివి ఉండి, జబ్బేమిటో, వైద్యం చేస్తే ఏమవుతుందో, చెయ్యకపోతే ఏమవుతుందో అర్థమై కూడా వద్దంటే, మేము ఆ మనిషి మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు, ప్రాణం మీదికొచ్చినా సరే, అది చట్టం. కొడుకైనా మొగుడైనా ఆవిడ బదులు ఔననడానికి లేదు. అలాగని మగతలో ఉన్న మనిషి ఏదో గొణిగితే దాన్ని పట్టుకుని వదిలెయ్యడానికీ లేదు. "మిషను పెడుతూ ఉంటే ఏడాదో రెండేళ్ళో ఉంటారు. ఆపేస్తే వారం, పది రోజులు. ఆవిడకేం కావాలో ఆవిడ నోటంట వినాలి నేను. మధ్యాహ్నం పడుకోనివ్వండి. నాలుగింటికి వచ్చి నేనే అడుగుతాను" అంది. వెళ్ళబోతూ నా వైపు చూసింది. "మీరేమవుతారు?" "కోడల్ని." "ఆవిడ మాట మీకు బాగా తెలుస్తుందని నర్సు చెప్పింది." నేను తల ఊపాను. అది ఔనో కాదో నాకే తెలీదు.

ఆవిడ నోటంట వినడం. మా ఇంట్లో అదే కదా చేతకానిది. మా ఇంట్లో అత్తయ్య మాటకి ఒక లెక్క ఉంది, నేను కాపురానికొచ్చిన మొదటివారమే మా ఆయన నేర్పాడు. "అమ్మ వద్దంటే రెండు గరిటెలు, వద్దేవద్దంటే మూడు." నిజమే. వద్దు వద్దంటూనే కంచం ముందుకు జరిపేది. కొత్త కళ్ళజోడు వద్దంది, పెట్టుకుని అద్దం ముందు పావుగంట నిలబడింది. కుర్చీ వద్దంది, తెచ్చాక ఇంకెవర్నీ కూచోనివ్వలేదు. నా మొదటి కాన్పప్పుడు, ఒక రోజు పనికి సెలవు పెట్టి పడుకో అత్తయ్యా అంటే వద్దంటే వద్దని, తెల్లారేసరికి ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. చిన్నతనంలోనే మొగుడు పోతే, పిల్లాణ్ణి చంకనేసుకుని అన్నగారింట్లో ఆరేళ్ళు ఉందట. అక్కడ అలవాటైంది ఆ మాట. పరాయి గుమ్మంలో వద్దు అనే మాట కాళ్ళు తుడుచుకునే గోనె లాంటిది, ముందు దాని మీద కాలు రుద్దుకోనిదే లోపలికి అడుగు పెట్టకూడదు. తర్వాత సొంత ఇల్లయినా గోనె తియ్యలేదు. మేమూ తియ్యనివ్వలేదు, ఆ మాట మీద నవ్వుకోవడం మాకు బావుండేది. ఎవరైనా చుట్టాలొస్తే ఆయన కావాలని, "అమ్మా, కాస్త పెట్టనా?" అని అడిగి, వద్దురా అనిపించి, గరిటె బోర్లించేవాడు. అందరూ నవ్వేవారు. అత్తయ్యా నవ్వేది. అప్పట్లో ఒకసారి నిజంగానే వద్దేమో, ఎక్కువై కంచం పక్కన పెట్టి, ఎవరూ చూడకుండా పెరట్లోకి తీసుకెళ్ళడం నేను చూశాను. చూసి ఊరుకున్నాను. అన్నిటినీ చూసి ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

నాలుగు రోజుల కిందట, రాత్రంతా ఆయాసపడి ఇక్కడికి తెచ్చిన పొద్దున, నర్సు కాగితం అట్టకి తగిలించుకుని వచ్చింది. "అమ్మా, మెడ దగ్గర గొట్టం వేసి మిషను పెడతాం, సరేనా?" అని అడిగింది. అత్తయ్య కళ్ళు తెరిచి, "వద్దు తల్లీ" అంది. నర్సు చెయ్యి ఆగింది. మా ఆయన చప్పున, అలవాటైన నవ్వుతో, "మా అమ్మ వద్దంటే కావాలని అర్థం సిస్టర్, మీరు రాసుకోండి" అన్నాడు. నర్సు నవ్వింది. పక్క మంచం ముసలాయన కొడుకు నవ్వాడు. నేనూ నవ్వాను. దాన్నే తిప్పి తిప్పి చూస్తున్నాను ఈ నాలుగు రోజులూ, కుట్టిన చొక్కా పీసుని లోపలికీ బయటికీ తిప్పి చూసినట్టు. ఆ నవ్వులో ఎక్కడా దారం తెగలేదు, ముడి కనబడలేదు, సాఫీగా వచ్చింది. ఆయన సంతకం పెట్టాడు. మెడలో గొట్టం దించారు. నాలుగు గంటలు మిషను తిరిగింది. అత్తయ్య రక్తం బయటికొచ్చి, కడిగించుకుని, లోపలికి వెళ్ళడం ఆ సన్న గొట్టాల్లో కనబడుతూనే ఉంది. ఆవిడ మాత్రం మొహం గోడ వైపు తిప్పుకుంది. చలికి వణుకుతుంటే దుప్పటి కప్పాను. ఆ దుప్పటి వద్దనలేదు. నేను అడగనూలేదు.

"కాళ్ళెత్తమ్మా, కాళ్ళు." తడిబట్ట కర్రతో తుడుచుకుంటూ వచ్చింది వార్డు ఆయమ్మ. కుడి కాలెత్తాను. "రెండోది నీది కాదా?" అంది. తిమ్మిరెక్కిందన్నాను. "తిమ్మిరికి ఇక్కడ మంచాలు లేవు, ఇంటికెళ్ళి తగ్గించుకో" అని, తనే చేత్తో నా మోకాలు పట్టి పక్కకి జరిపి కింద తుడిచింది. "ఆరో నంబరు మీ అమ్మా, అత్తా?" అత్త అన్నాను. "అనుకున్నా. అమ్మయితే ఇంతసేపు కుదురుగా కూచోలేరు, లోపలికీ బయటికీ తిరుగుతారు." తప్పుపడుతున్నట్టు అనలేదు, వర్షం పడేలా ఉంది అన్నట్టు అంది. తడి గీతలు నేల మీద ఒకదాని పక్కన ఒకటి, ఏటవాలుగా. వెళుతూ వెళుతూ, "నిన్న పొద్దున్న మంచం కింద తుడుస్తుంటే ఏమందో తెలుసా మీ అత్త? ఆ మూల వదిలేశావు అంది. నిజంగానే వదిలేశా. కళ్ళు మూసుకునే చూసింది, మహాతల్లి."

చూస్తుంది. ముప్పయ్యేళ్ళు చూడటమే ఆవిడ పని. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో, లైను చివర, రెండు ట్యూబులైట్ల కింద, చెకింగు బల్ల. మిషన్ల మీద మేము అరవైమందిమి, ఒకరు కాలరు, ఒకరు చేతులు, ఒకరు జేబు, చివరికి అన్నీ కలిసి చొక్కా అయి ఆవిడ ముందు పడేది. చేతిలో సుద్దముక్క. అందుకని అందరూ సుద్దమ్మ అనేవాళ్ళం, ఎదురుగానే. అక్కడ ఆవిడ నోట్లో వద్దు అనే మాట నేను ఎప్పుడూ వినలేదు. అక్కడివి మూడే మాటలు. బావుంటే "పోతుంది", అంటే పెట్టెలోకి పోతుంది. కుట్టు తప్పితే "ఆల్టరు", తప్పు దగ్గర సుద్దతో సున్నా చుట్టి మన ఒళ్ళోకి విసిరేది, విప్పి మళ్ళీ కుట్టుకోవాలి. బట్టలోనే లోపం ఉంటే, నేత పలచబడో, నూలు చివికో ఉంటే, వీపు మీద ఈ భుజం నుంచి ఆ నడుం దాకా పెద్ద ఇంటూ గీసి, బల్ల కిందికి జారవిడిచి, "పోదు". ఆ మాట అన్నాక తలెత్తేది కాదు, తర్వాతి పీసు అందుకునేది. ఇంట్లో గరిటె ఆపలేని మనిషి, అక్కడ మేనేజరునే ఆపేది. ఒకసారి ఒక సరుకు మొత్తం అలాగే పోదంది. మేనేజరు బల్ల దగ్గర నిలబడి బతిమాలాడు, కసిరాడు, ఇస్త్రీ చేస్తే ఎవరికి తెలుస్తుందన్నాడు. "నాకు తెలుస్తుంది" అంది. ఆవిడ ఇంటికెళ్ళాక పెట్టెలు కట్టించి పంపించాడు. నెల తిరక్కుండా అన్నీ వెనక్కొచ్చాయి. సుద్దమ్మ వాటి వైపు చూడను కూడా లేదు. లైనంతా మిషన్లు ఆపి ఆవిడనే చూస్తుంటే, "చూసింది చాలు, కాళ్ళాడించండి" అంది.

నేను చేరిన మొదటి రోజు. పందొమ్మిదేళ్ళు. నేను కుట్టిన చొక్కా చంక దగ్గర నోరు తెరుచుకుంటే, ఆల్టరు అని విసరబోయి ఆగి, నన్ను బల్ల దగ్గరికి పిలిచింది. "కళ్ళు లేవా నీకు?" అంది. ఏడ్చాను. ఏడుస్తుంటే ఆగమని చెప్పలేదు, ఆ గుడ్డే నా చేతుల్లో పెట్టి, రెండు బొటనవేళ్ళు కుట్టుకి ఇటూ అటూ ఆనించి లాగమంది. "దారం సాగి సందు కనబడిందా? అది నీ తప్పు, విప్పి కుట్టొచ్చు. ఇప్పుడు ఈ ముక్క లాగు. దారం గట్టిగానే ఉంది, పక్కన గుడ్డ విడిపోతోంది చూశావా? దీనికి నువ్వు బంగారపు దారం వేసినా ఒకటే. మంచి కుట్టు పడేకొద్దీ ఇంకాస్త చిరుగుతుంది." ఆ తర్వాత నాలుగేళ్ళకి నన్ను కోడల్ని చేసుకుంటానని మా అమ్మని అడిగింది. లైనంతా ఒకటే నవ్వు. "సుద్దమ్మ ఎన్ని పీసులు తిప్పి చూసిందో, చివరికి నిన్ను పాసు చేసింది, వీపు మీద ఏమైనా గీసిందేమో చూసుకో" అన్నారు. కాపురానికొచ్చిన రోజు నిజంగానే అద్దంలో వీపు చూసుకున్నాను. నవ్వొచ్చే సంగతి. నవ్వు రాలేదు ఇప్పుడు. గోడ గీత వేలెడు పైకి పాకి మళ్ళీ దిగింది.

నిన్న పొద్దున్న. కిటికీలోంచి ఎండ మంచం మీదికి వచ్చిన వేళ. అత్తయ్యకి మంచి తెలివిగా ఉంది, మంచినీళ్ళు రెండు చెంచాలు తాగింది. మూతి తుడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని, తన ముంజేతిని ఎండలోకి జరిపింది. సూదులు గుచ్చిన చోటల్లా నీలంగా, నల్లగా, పసుప్పచ్చగా కమిలి ఉంది. రెండు బొటనవేళ్ళూ, ఒకటి తనది, ఒకటి నాది, ఆ చర్మానికి ఇటూ అటూ ఆనించింది. లాగింది. లాగిన చర్మం లాగినట్టే ముడతపడి నిలబడిపోయింది, వెనక్కి పోలేదు. ఒక చోట సన్నగా తడి ఊరింది. ఆవిడ దాన్ని చూసింది, వెలుగులో పెట్టి, కాస్త వంచి, పాత చూపుతో. తర్వాత నన్ను చూసి, "పోదు" అంది. తలెత్తలేదు ఇంక. చెయ్యి దుప్పటి కిందికి జారవిడిచింది.

గుమ్మంలో మా ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో మందుల సంచీతో. వేళ్ళు చూళ్ళేదు, మాటొక్కటే విన్నాడు. మొహం విప్పారింది. మూడు రోజుల నుంచి ఆ మొహంలో వెలుగు చూళ్ళేదు నేను. "విన్నావా?" అన్నాడు. "పోదంటోంది. ప్రాణం పోదు అంటోంది. మా అమ్మే అంత ధైర్యంగా ఉంటే మనకేంటి?" వెంటనే ఫోనందుకుని వాళ్ళ మేనమామకి చెప్పాడు, పనిలో ఉన్న స్నేహితుడికి చెప్పాడు, నర్సుకి చెప్పాడు. "అమ్మే అంది, పోదు అని." ఆ మధ్యాహ్నం మూడు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. తింటుంటే చూస్తూ కూచున్నాను. ఒక్కసారి కూడా ఫ్యాక్టరీ లోపలికి రాని మనిషి ఆయన, గేటు దగ్గర సైకిలు మీద కాలు ఆనించి నిలబడి అమ్మ కోసం, తర్వాత నా కోసం కాచుకున్నవాడు. ఆ మాట లోపల ఎలా పలుకుతుందో ఆయనకి తెలిసే దారి లేదు. చెప్పవలసింది నేను. ఆ ముద్ద మింగనియ్యి, తర్వాత చెబుదాం అనుకున్నాను. ఆ ముద్ద తర్వాత ఇంకో ముద్ద. చెయ్యి కడుక్కోనియ్యి అనుకున్నాను. సాయంత్రమయింది.

మూడు ఇరవై. ముల్లు కదలడం కనబడదు, కదిలాకే కనబడుతుంది. చెబితే ఏమవుతుంది? మీ అమ్మ చావనిమ్మంటోంది అని కోడలు చెప్పినట్టవుతుంది. ఎవరి చెవిన పడ్డా అంతే. కింది వాటా ఆవిడ మేడ మీద ఆరేసుకోవడానికి ఇంక వేరే బట్టలక్కర్లేదు. ఆవిణ్ణి పోనీ, ఆవిడ నోరు ఆవిడది. ఆయన? ఈ రోజు కాదు, రేపు కాదు, ఇంకో పదేళ్ళకి, అన్నం దగ్గర ఉప్పు తక్కువైన ఏదో పూట, "నువ్వే కదా ఆ రోజు" అని మొదలుపెట్టి ఆపేస్తే? ఆ ఆపెయ్యడం వినబడుతోంది నాకు. సరే, అదీ పోనీ. అసలు నేను విన్నది నిజంగా విన్నానా? రెండేళ్ళుగా ఆవిడ మంచం బట్టలు ఉతికిన చేతులు ఇవి. నడుం పట్టేసి, పొద్దున్నే గోడ పట్టుకుని లేస్తాను. ఇంకెన్నాళ్ళు ఇది అని ఒక్కసారైనా అనుకోలేదని ఒట్టు వెయ్యలేను. ఆ మాటకి అర్థం చెబుతున్నది నా చెవా, నా నడుమా? కింది వాటా ఆవిడ అన్నదాంట్లో కుట్టెంత, బట్టెంత? పక్కన పెట్టి లాగి చూద్దామంటే, మనసుకి బొటనవేలు ఆనదు. ఆవిడ వేలు నా వేలి పక్కన ఆనిన చోటు మాత్రం తెలుస్తోంది. కాలు తిమ్మిరెక్కింది, ఒళ్ళంతా దూది అయింది, ఆ వేలి కొస ఒక్కటి నాదిలా ఉంది.

ఆయన వచ్చాడు, రెండు కప్పుల టీతో, ఒకటి నాకిచ్చి పక్కన కూలబడ్డాడు. చేతుల గీతల్లో గ్రీజు. లిఫ్టులు బాగుచేసే పని, పొద్దున్న డాక్టరమ్మ వెళ్ళాక ఒక చోటికి పరిగెత్తి, ఎవరో ఇద్దరు ఇరుక్కుంటే తీసి వచ్చాడు.

"నాలుగో అంతస్తుకీ ఐదుకీ మధ్య ఆగింది" అన్నాడు. "లోపల ఒకావిడ ఒకటే ఏడుపు, దూకేస్తానంటుంది. తలుపు సందులోంచి చెప్పా, అమ్మా, మీరేం చెయ్యకండి, ఊరికే నిలబడండి, నేను పైకి లాగుతా అని. లాగా. భయంలో ఏమేమో అంటారు మనుషులు. అన్నవన్నీ పట్టించుకుంటామా?"

టీ వేడిగా ఉందని చేతికి తెలిసింది. నాలిక్కి తెలీలేదు.

"డాక్టరమ్మకి చెప్పేస్తా" అన్నాడు. "అమ్మ వద్దంటే ఏమిటో మా ఇంట్లో చిన్నపిల్లకి కూడా తెలుసని. కావాలంటే నువ్వూ చెప్పు. కోడలు చెబితే నమ్ముతారు. కొడుకైతే ప్రేమ కొద్దీ అంటున్నాడనుకుంటారు."

"కోడలైతే?"

"కోడలికి అంత ప్రేమేముంటుందిలే అని నమ్ముతారు" అని నవ్వాడు, నా భుజానికి భుజం తాకించి. మంచివాడు. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా పైకి లాగాలనుకుంటాడు. అరిగిన పార్టు మారిస్తే అదే నడుస్తుందంటాడు. నడుస్తుంది కూడా, ఆయన చెయ్యి పడితే. "ఏమండీ" అన్నాను. ఊఁ అన్నాడు. ఆ ఊఁ కింద ఎంత అలసట ఉందో విని, "చక్కెర ఎక్కువైంది" అన్నాను. "నీకు అలాగే ఇష్టం కదా" అన్నాడు. ఇన్నాళ్ళూ నేను చక్కెర ఎక్కువ వద్దనే చెబుతూ ఉన్నాను. తాగేశాను.

నాలుగయిందని గడియారం చెప్పలేదు, చెప్పుల చప్పుడు చెప్పింది. డాక్టరమ్మ, వెనక నర్సు. లేవబోతే ఎడమ కాలు నేల అందుకోలేదు, గోడ పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వెళ్ళాను. వార్డులో ఎండ మంచాల కాళ్ళ దాకా దిగిపోయింది. మంచం పక్కన మిషను సిద్ధంగా ఉంది, గొట్టాలు చుట్టలు చుట్టి తగిలించి. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని, మంచం ఎత్తుకి మొహం తెచ్చి కూచుంది. "అమ్మా, నేను డాక్టర్ని. తెలుస్తోందా?" అత్తయ్య కళ్ళు తెరిచింది. "ఆ." "మీ ఒంట్లో ఏం పాడైందో తెలుసా?" "చెత్త బయటికి పోవట్లేదు." "ఈ మిషను ఏం చేస్తుంది?" "కడుగుతుంది. ఎల్లుండికి మళ్ళీ కడగాలి." "కడక్కపోతే?" అత్తయ్య, ఇది కూడా అడగాలా అన్నట్టు చూసి, "నేను పోతాను" అంది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసింది. "మరి పెట్టమంటారా అమ్మా?" "వద్దు తల్లీ."

"అదిగో" అన్నాడు మా ఆయన. గొంతులో ఆ పాత నవ్వు తెచ్చుకోబోయాడు, సగమే వచ్చింది. "అది మొగమాటమండీ. మా అమ్మ మంచినీళ్ళు కూడా వద్దంటుంది. నిన్న తనే అంది, ప్రాణం పోదని. అమ్మా, అన్నావు కదూ? చెప్పు వీళ్ళకి."

అత్తయ్య కొడుకుని చూసింది. "పోదు" అంది.

"చూశారా" అన్నాడు.

డాక్టరమ్మ కలం గాల్లో ఆగింది. ఆవిడ నా వైపు తిరిగింది. నర్సూ తిరిగింది. ఆయన కూడా తిరిగాడు, చెప్పు మరి, అన్నట్టు కనుబొమ్మలెత్తి. గొట్టాల చుట్టలు, మడత విప్పని దుప్పటి, దాని అంచు కుట్టు, అంగుళానికి పది. నా నోరు ఎక్కడో దూరంగా ఉంది, కాలు లాగే. దాన్ని చేత్తో పట్టి జరిపినట్టు జరిపాను.

"అది ప్రాణం గురించి కాదండీ" అన్నాను. "ఆ మాట ఫ్యాక్టరీ మాట."

"నీకేం తెలుసు?" అన్నాడు ఆయన. కోపంగా కాదు. నిజంగా తెలీక అడిగినట్టే.

మంచం మీదికి వంగి, ఆవిడ చెవి దగ్గర, అరవై మిషన్లు తిరుగుతుంటే వినబడాలని అప్పట్లో ఎంత గట్టిగా అరిచేదాన్నో అంత గట్టిగా అడిగాను, "సుద్దమ్మా, పీసు ఆల్టరుకి వెయ్యనా?"

ఆ పేరు విని ఎన్నేళ్ళయిందో. కళ్ళు పూర్తిగా తెరిచింది. నన్ను, నా వెనక నిలబడ్డ కొడుకుని, డాక్టరమ్మ చేతిలో అట్టని, మిషనుని, అన్నిటినీ ఒకసారి వెలుగులో పెట్టి చూసింది. దుప్పటి కిందనుంచి చెయ్యి పైకి వచ్చింది. బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఏమీ లేదు, అయినా సుద్దముక్క పట్టుకున్నట్టే పట్టుకుంది. రొమ్ము మీద, ఈ భుజం నుంచి ఆ నడుం దాకా, ఆ భుజం నుంచి ఈ నడుం దాకా, రెండు గీతలు గీసుకుంది.

"కుట్టు తప్పయితే ఆల్టరని నేనే అనేదాన్ని" అంది. "బట్టే పోయింది. కళ్ళు లేవా మీలో ఎవరికీ?"